బాలరాజ్ కారు తాగిన నీళ్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే మంచి నీళ్లు తాగింది బాలరాజ్ కారు. మనుషులం మేం రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లే బిందెలకు పట్టుకుని, గుడ్డతో వడగట్టుకుని తాగాం. కారుకి మాత్రం మా ఆయన బ్యాటరీల దుకాణం నుంచి, మూతకు సీలున్న డబ్బాల్లో, ఉప్పూ సున్నమూ లేకుండా ఆవిరి పట్టి తీసిన డిస్టిల్డ్ వాటర్ తెచ్చేవాడు. అందులోంచి మా అత్తగారికి ఒక గ్లాసు కూడా ఇవ్వలేదా అంటే, ఆవిడ అడగలేదు. ఆవిడకు వేరే నీళ్లున్నాయి. ఆ సంగతికి వస్తాను.

మా ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో. ఇంటి గోడకు ఆనుకునే మా ఆయన యూనుస్ షెడ్డు. షెడ్డుకు వచ్చేవన్నీ ట్రాలీ ఆటోలు. కూరగాయలవి, సిమెంటు బస్తాలవి, కోళ్లవి. ట్రాలీ రిపేరంటే నేల మీద వెల్లకిలా పడుకుని దాని కిందికి జరగాలి. పెళ్లికి ముందు నుంచీ అలా జరిగి జరిగి ఆయన నడుం అరిగిపోయింది. నేల మీద పడుకోవద్దని డాక్టరు చెప్పాడు. ట్రాలీ కింద మంచం ఎలా వేయాలో మాత్రం చెప్పలేదు. పొద్దున లేచేటప్పుడు ఆయన మంచం పట్టె పట్టుకుని, గోడ పట్టుకుని, చివరికి నన్ను పట్టుకుని నిలబడేవాడు. ఆయన్ని నిటారుగా చేశాకే నేను చాయ్ పెట్టడానికి పోవాలి.

రంజాన్ పండక్కి చేసిన సేమియా ఇంకా గిన్నె అడుగున ఉండగానే బాలరాజ్ వచ్చాడు. అతనికి ఉప్పుగూడలో టెంట్‌హౌసు ఉంది, పెళ్లిళ్లకు డీజే పెడతాడు. చప్పుడు చేయడం వృత్తి కాబట్టి కారు కూడా చప్పుడు చేస్తేనే అతనికి నచ్చుతుంది. ఎవరి దగ్గరో ఇంజన్‌కు సూపర్‌చార్జర్ బిగించుకున్నాడు. చలికాలమంతా బాగానే ఉరికిందట. ఎండలు మొదలయ్యేసరికి లోపల గడగడ.

సూపర్‌చార్జరంటే ఇంజన్ పక్కన బెల్టుతో తిరుగుతూ, ఇంజన్ పీల్చగలిగిన దానికంటే ఎక్కువ గాలిని దాని నోట్లో కుక్కే పంపు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు ఈ ఇంట్లో బిర్యానీ అలాగే వడ్డించారు, వేడి చేసింది. ఇంజన్‌కీ అంతే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ గాలి నొక్కకముందే పొయ్యి మీంచి దించినట్టుంటుంది. ఆ వేడికి పెట్రోలు తన వంతు రాకముందే అంటుకుని పిస్టన్ నెత్తిన సుత్తితో మోదుతుంది. గోళీలు పోసిన రేకుడబ్బా ఊపినట్టు బయటికి వినిపిస్తుంది. ఆ మోత పట్టించుకోకపోతే పిస్టన్ పగులుతుంది.

మా ఆయన దానికి మందు కనిపెట్టాడని అనను. లోకంలో ఎప్పటి నుంచో ఉన్నదే. గాలి పోయే గొట్టంలోకి సూదిమొన కూడా దూరనంత సన్నటి రంధ్రమున్న నాజిల్‌తో నీళ్లు మంచులా చల్లాలి. నీళ్లు ఆవిరవుతూ వేడిని లాక్కుంటాయి. అందులో సగం మిథనాల్ అనే ఆల్కహాల్ కలిపితే ఇంకా చల్లబడుతుంది. ఆవిరయ్యే నీళ్లు వేడినెందుకు లాక్కుంటాయో బీఎస్సీ పరీక్షలో రెండు పేజీలు రాసి వచ్చినదాన్ని నేను. ఇన్నేళ్ల కాపురంలో ఆ రెండు పేజీలూ ఇంట్లో అక్కరకు రావడం అదే మొదటిసారి.

“ఇది నిలవడి చేసే పని వహీదా,” అన్నాడు ఆయన ఆ సాయంత్రం. కొత్త బట్టల గురించి చెప్పే పిల్లాడి మొహంలా ఉంది ఆయన మొహం. “బాలరాజ్ దోస్తుల కాడ గిసుంటి బండ్లు మస్తున్నయ్. మే నెల ఎండకు ఇది నిలిస్తే అన్నీ మన కాడికే వస్తయ్. ట్రాలీల కింద పండుడు బంద్.”

అందుకని ఆ కారు మాకు కారు కాదు. మా ఆయన నడుం.

మిథనాల్ విషయంలో నేను లొల్లి పెట్టాను. గుక్కెడు కడుపులోకి పోతే కళ్లు పోతాయి, ఆ తర్వాత మనిషే పోతాడు. క్యాను మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో విషం అని రాయించి, షెడ్డులోని ఇనప బీరువాలో పెట్టించి, తాళంచెవి నా కొంగుకు కట్టుకున్నాను. ఆయనకు మిథనాల్ కావాలంటే నన్ను అడగాలి. పెళ్లయ్యాక ఆయన నన్ను అంతగా ఎన్నడూ పిలవలేదు.

కారులో బిగించిన ట్యాంకు మూతకు తాళం పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మా అత్తగారు జైనబ్ రంజాన్‌కు ముందే ఉమ్రా చేసి వచ్చారు. మక్కా నుంచి అందరూ తెచ్చినట్టే పెద్ద క్యాను జమ్‌జమ్ నీళ్లు తెచ్చారు. ఆ పవిత్రమైన నీళ్లను వచ్చిన చుట్టాలకు కాటుక డబ్బా మూతంత కప్పుతో, నిలబెట్టి, తలమీద గుడ్డ కప్పించి, లెక్కగా తాగించేవారు. నాకు జ్వరమొచ్చినప్పుడు రెండు కప్పులు ఇచ్చారు. దాన్నిబట్టి నేనంటే ఆవిడకు ఇష్టమేనని గ్రహించాను.

ఒక సాయంత్రం బాలరాజ్ కారు చూసుకోవడానికి వచ్చి, గుమ్మంలో కూర్చున్న ఆవిడను నవ్విద్దామనుకున్నాడు.

“అమ్మా, మీ కొడుకు నా కారుకు తాగుడు నేర్పుతుండు.”

ఆవిడ నవ్వలేదు. కొడుకును పిలిచి అడిగింది. అది మనుషులు తాగే సారా కాదని, రంగుల కంపెనీల్లో వాడే సరుకని, కరోనా అప్పుడు చేతులకు రుద్దుకున్నదానికి వరసకు తమ్ముడని ఆయన చెప్పాడు. నేనూ రెండు మాటలు కలిపాను. ఉట్టి నీళ్లతో చెయ్యరాదా అని ఆవిడ అడిగితే, ఈ ఎండకు కొంతైనా కలపాలన్నాడు.

“నా ఇంటి గోడకు ఆనుకొని,” అన్నది ఆవిడ. అంతే. మా అత్తగారు మాట మధ్యలో ఆపిందంటే, మిగిలింది చేసి చూపించబోతున్నదని అర్థం. అది నాకు తెలిసి ఉండాల్సింది.

ఏప్రిల్ అంతా కారు మా గుమ్మం ముందే ఉంది. మధ్యాహ్నం రోడ్లు తారు కక్కేవేళ ఆయన దాన్ని తీసుకుని అటు చాంద్రాయణగుట్ట దాటి పోయి వచ్చేవాడు. ఎండ ఎంత ముదిరితే అంత సంతోషం ఆయనకి. గల్లీలో అందరూ వాన పడాలని కోరుకుంటుంటే మా ఇంట్లో ఒక మనిషి ఇంకో రెండు డిగ్రీలు పెరగాలని చూసేవాడు. గడగడ పోయింది. పోయింది కదాని, బలం కోసం పెట్రోలును అంటించే నిప్పురవ్వ ఇంకాస్త ముందుగా పడేట్టు సర్దాడు. అంటే ఇక ఇంజన్ ప్రాణం ఆ నీటితుంపర మీదే ఉంది.

ఒక్కటే ఆయనకు ఆశ్చర్యంగా ఉండేది. ట్యాంకు తను అనుకున్నంత తొందరగా ఖాళీ కావడం లేదు. కొలత బాగా కుదిరిందని గర్వపడ్డాడు. నాకు కనిపించిందేమిటంటే జమ్‌జమ్ క్యాను బరువు తగ్గిపోతోంది. చుట్టాలు ఎక్కువయ్యారనుకున్నాను. ఇంట్లో ఒకచోట నీళ్లు తగ్గడం లేదు, ఇంకోచోట తగ్గుతున్నాయి. అయినా నాకు కలవలేదు. బీఎస్సీ రసాయనశాస్త్రం, ఫస్టు క్లాసు.

బాలరాజ్ ఇద్దరు దోస్తుల్ని తీసుకొచ్చాడు. వాళ్లు బానెట్ ఎత్తి చూశారు, తిప్పి చూశారు, చాయ్ తాగారు. వచ్చే నెల మా బండ్లూ పెట్టుకో భాయ్ అన్నారు. వాళ్లు వెళ్లాక మా ఆయన వడ్రంగిని పిలిచి నడుమెత్తున ఒక బల్ల చేయమన్నాడు. దాని ముందు నిలబడి, ఇంజన్ పెట్టినట్టు చేతులు ఆనించి, ఎత్తు సరిపోయిందా అని నన్ను అడిగాడు. సరిపోయిందన్నాను. ఆయన్ని నిలబడి పనిచేస్తుండగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన అంత పొడుగని మరిచిపోయాను.

మే నెల నడిమిలో బాలరాజ్ కారు తీసుకుపోయాడు. వారం తిరక్కుండానే అది ఇంకో బండి మీదెక్కి వెనక్కి వచ్చింది. శ్రీశైలం రోడ్డు మీద, మిట్ట మధ్యాహ్నం, ముందున్న లారీని దాటబోతుంటే గడగడమన్నదట. బాలరాజ్ డీజే మనిషి. పాటల చప్పుడులో అది వినిపించేసరికి ఆలస్యమైంది. తర్వాత నీలం పొగ. ట్యాంకులో నీళ్లు తక్కువైతే వెలగాల్సిన లైటు వెలగలేదన్నాడు. నిజమే. ట్యాంకు నిండా ఉంది. నీళ్లున్నాయో లేవో లైటు చెబుతుంది. చల్లుతున్నాయో లేదో చెప్పదు.

ఇంజన్ విప్పితే రెండు పిస్టన్లు అంచులు విరిగి ఉన్నాయి. మా ఆయన వాటిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. నాజిల్ తీశాడు. దాని మూతి మీద గట్టిగా తెల్లటి పక్కు. గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి, నా దగ్గరికి తెచ్చి, ట్యాంకులో నల్లా నీళ్లు పోశావా అని అడిగాడు. నల్లా నీళ్లు మనకే లేవన్నాను. ఇద్దరం ఒకేసారి వంటింటి గూడు వైపు చూశాం. అక్కడున్న జమ్‌జమ్ క్యాను అడుగున రెండు వేళ్ల మందం నీళ్లున్నాయి. గూడు పక్కన అత్తగారు సాయంత్రపు అసర్ నమాజులో ఉన్నారు.

ఆయన గొంతు బాగా తగ్గించాడు.

“అమ్మీకి చెప్పకు.”

“మరి బాలరాజ్‌కు?”

“నాజిల్ నేనే తప్పు ఏసిన అని చెప్త.”

“నీ పేరు పోతది కదా.”

“ఆ నీళ్లల్ల తప్పేం లేదు వహీదా. మూతకు తాళం ఎయ్యాల్సింది నేను.”

అలాగే చెప్పాడు. బాలరాజ్ అరవలేదు, అరిస్తే బాగుండేది. కారు బాగు చేసిస్తే చాలన్నాడు, కళ్లు షెడ్డు గోడ మీద పెట్టి. దోస్తులు ఫోన్లు ఎత్తడం మానేశారు. కొత్త బల్ల మీద నేను మిరపకాయలు ఎండబెట్టాను. మా ఆయన పొద్దున ట్రాలీల కింద పడుకుని, మధ్యాహ్నం ఆ ఇంజన్ మీద వంగి, ఊరికే చేసిచ్చే పనికి తన నడుమే పెట్టుబడిగా పెట్టాడు. మంచం మీంచి నిలబెట్టడానికి నేనొక్కదాన్నే చాలేదాన్ని కాదు. గోడా నేనూ కలిసి లేపేవాళ్లం.

ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది మా అత్తగారి మాట. చెప్పానుగా అన్నట్టు తిరిగేది ఆవిడ. ఎదురింటి లీలమ్మకు చెప్పింది. శుక్రవారం ఆడవాళ్లంతా కూడి ఖురాన్ పాఠం వినే దర్సులో చెప్పింది. “హరాం సారా పోస్తే పనిల బర్కత్ ఎట్లుంటది, ఎట్ల కలిసొస్తది? నేనెంత కాపాడదామని చూసినా ఆగలే.” కొడుకు వింటుండగానే చెప్పింది. ఆయన స్పానరు పట్టుకుని తల కూడా ఎత్తలేదు. ఆవిడ బాధతోనే అంటోంది. రాత్రి పగలు కొడుకు కోసం దువా చేస్తూనే ఉంది. దువా చేసిన నోటితోనే ఆయన పేరు గల్లీలో కడిగి ఆరేస్తోంది.

చెప్పవద్దన్నాడు కాబట్టి నేను చెప్పలేదు. మాట తప్పే మనిషిని కాదు. కిటికీలో పెట్టిన ఆ నాజిల్‌ను తీసి, వంటింట్లో కేత్లీ పక్కన పెట్టాను. ఇల్లు సర్దడం ఇల్లాలి పనే కదా.

మా కేత్లీ లోపల నల్లా నీళ్లు మరిగి మరిగి తెల్ల పక్కు కడుతుంది. శుక్రవారం శుక్రవారం నిమ్మచెక్కతో దాన్ని తోమడం అత్తగారి పని. ఇంకెవరు తోమినా ఆవిడకు నచ్చదు. ఆ శుక్రవారం కేత్లీ అందుకోబోయి నాజిల్ చూసింది. చేతిలోకి తీసుకుని, వెలుగులో తిప్పి, బొటనవేలి గోటితో గీకింది. యాభై ఏళ్లుగా గీకుతున్న పక్కును ఆ గోరు గుర్తుపట్టింది. నేను ఉల్లిపాయలు కోస్తున్నాను. తల ఎత్తలేదు.

“ఇదేంది దుల్హన్?”

“కారుది అమ్మీ. నీళ్లు చల్లే మూతి.”

“దీనికి ఏ నీళ్లు పోస్తరు?”

“బ్యాటరీ దుకాణం నీళ్లు. ఉప్పు లేకుంట చేసినయి.”

గోరు మళ్లీ గీకిన చప్పుడు వినబడింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

“జమ్‌జమ్‌ల ఉప్పుంటదా?”

“ఉంటది అమ్మీ. అందుకే దానికి గా రుచి. మనిషికి మంచిదే.”

ఆవిడ ఒక కప్పులో నిమ్మకాయ పిండి, నాజిల్‌ను అందులో వేసి, మూత పెట్టింది. కేత్లీ తోమింది. ఎప్పటిలాగే తళతళలాడేట్టు తోమింది. ఆ రోజు దర్సుకు పోలేదు. ఉల్లిపాయలు కోసినందుకు నా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆవిడ ఉల్లిపాయలు కోయలేదు.

బక్రీద్ దగ్గరపడుతుండగా కారు సిద్ధమైంది. బాలరాజ్ వచ్చి స్టార్ట్ చేసి, చెవి పెట్టి విన్నాడు. మా ఆయన ఈసారి నీళ్ల గొట్టానికి ధార ఆగితే మోగే బజరు కూడా పెట్టాడు, మూతకు తాళమూ పెట్టాడు. తాళంచెవి ఇస్తుండగా అత్తగారు తల మీద ఓణీ సర్దుకుంటూ షెడ్డులోకి వచ్చింది. నేనీ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆవిడ షెడ్డు గడప దాటడం చూడలేదు.

“బేటా బాలరాజ్, ఆ ట్యాంకిల నీళ్లు నేను పోసిన. పొద్దుగాల ఫజర్ నమాజు అయినంక రోజూ ఒక గ్లాసు. మక్కా నీళ్లు, హరాం కడుక్కపోవాలని. మీ యూనుస్ భాయ్ సరింగనే చేసిండు. ఖరాబ్ చేసింది నేను.”

బాలరాజ్ మా ఆయన వంక చూశాడు. మా ఆయన నేల వంక చూశాడు. “నువ్వు లోపటికి పో అమ్మీ,” అన్నాడు.

“సరే అమ్మా,” అన్నాడు బాలరాజ్ చాలా గౌరవంగా. “మీ మనసు నాకు తెల్వదా.” వంగి ఆవిడకు దండం పెట్టి, కారు ఎక్కి వెళ్లిపోయాడు.

అక్కడితో అయిపోలేదు. హరామని చెప్పిన ప్రతి ఇంటికీ అత్తగారు మళ్లీ పోయింది. లీలమ్మ ఇంటికి పోయింది. దర్సులో అందరి ముందూ నిలబడి, జమ్‌జమ్ నీళ్లు తానే తెలివి లేక పోసి ఇంజన్ పాడుచేశానని చెప్పింది. ఉమ్రా చేసి వచ్చిన మనిషి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నేనైతే ఊరు మారేదాన్ని.

రెండో రోజు లీలమ్మ కొత్తిమీర కోసం వచ్చినట్టు వచ్చి, నా చేయి పట్టుకుంది.

“మీ అత్తమ్మది ఎంత పెద్ద మనసు వహీదా. కొడుకు తప్పు చేస్తే ఎట్ల మీదేసుకున్నదో చూడు. ఉప్పుగూడల బాలరాజ్ గూడ అందరికీ గదే చెప్తుండంట. తల్లంటే గట్లుండాలె అని.”

దర్సులో ఆడవాళ్లు ఆవిడ చేతులు కళ్లకద్దుకున్నారట. పవిత్రమైన నీళ్లు ఇంజన్ పాడుచేస్తాయా, మాకు తెలియదా అన్నారట. అత్తగారు ప్రమాణం చేయబోతే, ఇంకా ఎంత దాస్తావమ్మా అని కౌగిలించుకున్నారట. ఆవిడ పేరు పాతబస్తీలో ఇప్పుడున్నంత బాగా ఎప్పుడూ లేదు. మా ఆయన పేరు ఎక్కడుందో అక్కడే ఉంది. ఇంకో కారు రాలేదు.

ఆ మధ్యాహ్నం అత్తగారు తిన్నగా షెడ్డులోకి పోయింది. నేనూ వెనకే పోయాను. కోళ్ల ట్రాలీ కింద నుంచి మా ఆయన కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆవిడ ఆ కాళ్లతోనే మాట్లాడింది. ఎవరెవరింటికి పోయిందో, ఏం చెప్పిందో, వాళ్లేమన్నారో, ఒక్కొక్కటీ చెప్పింది. చెప్పినకొద్దీ ఆవిడ కోపం పెరిగింది.

“నిజం చెప్తే నమ్మరు ఏంది యూనుస్? తెల్వక అబద్ధం చెప్పినప్పుడు ఊరంత నమ్మిండ్రు. ఇప్పుడు నన్ను వలీని, పెద్ద పుణ్యాత్మురాలిని చేసి కూసోబెట్టిండ్రు. ఆ లీలమ్మయితే నా కాళ్లు మొక్కుతనన్నది.”

ట్రాలీ కింద స్పానరు నేల మీద పడిన చప్పుడు. తర్వాత ఏదో గురక లాంటిది. ఏడుస్తున్నాడేమోనని నేను వంగి చూశాను. నవ్వుతున్నాడు. కారు చెడిపోయి వచ్చాక అది మొదటి నవ్వు. పొట్ట ఎగిరిపడేట్టు నవ్వి, ఉన్నట్టుండి, “అమ్మీ,” అని ఆగిపోయాడు. నడుం పట్టేసింది.

ఇటు కదల్లేడు, అటు కదల్లేడు. అత్తగారు ఒక కాలు పట్టుకుంది. నేను రెండో కాలు పట్టుకున్నాను. ఆవిడకు మోకాళ్లు లేవు, నాకు ఊపిరి లేదు. కొంత లాగడం, ఆగడం, మళ్లీ లాగడం. లోపల నుంచి ఆయన, లాగుండ్రి గాని లీలమ్మ పేరెత్తకుండ్రి అని బతిమాలుతున్నాడు.

మొత్తానికి బయటికి తీశాం. లేవలేక అక్కడే సిమెంటు మీద పడుకుని, కళ్లు మూసుకుని, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అత్తగారు ఆయన తల పక్కన చతికిలబడి, ఓణీ చెంగుతో మొహం మీది గ్రీజు తుడుస్తోంది.

“నవ్వకు బేటా,” అంటోంది. “నడుం. నవ్వకు.”